మామయ్య వద్దు, బాబాయే ముద్దు

లిఫ్టబ్బాయి తలుపు తీసేసరికి గుమ్మంలో ఆ అమ్మాయి. ఒక చేతిలో నీళ్లు కారుతున్న గొడుగు, ఇంకో చేతిలో నిండుగా ఉన్న సంచి.

"మీరా?" అంది ఆ అమ్మాయి.

"మీరా?" అన్నాడు లిఫ్టబ్బాయి.

"మీరా అని ఎవరూ లేరిక్కడ. అడ్రసు తప్పు," అంది లోపలినుంచి ఒక గొంతు.

ఆ గొంతుకి ఎనిమిదేళ్లు. ఏ మాట దొరికినా వాదించకుండా వదలదు కాబట్టి ఇంట్లో దాన్ని లాయరమ్మ అంటారు. దాని వెనకనుంచి ఇంకో రెండు బుర్రలు బయటికొచ్చాయి. ఒకటి ఐదేళ్ల ఎందుకుగాడిది. వాడు ఏది అడిగినా అందులో 'ఎందుకు' ఉండి తీరుతుంది. రెండోది అందరికంటే చిన్నదైన చిట్టిది. దానికి వాదనలూ ప్రశ్నలూ ఇంకా రావు. ఆకలేస్తే మాత్రం వీధి చివరిదాకా వినపడేలా ఏడుస్తుంది. ప్రస్తుతం ఆ పనిలోనే ఉంది.

"పిన్నీ!" అంటూ ముగ్గురూ ఆ అమ్మాయిని చుట్టేశారు.

"బాబాయి అరగంటనుంచి వండేస్తా వండేస్తా అంటున్నాడు పిన్నీ. ఏమీ వండలేదు," అని లాయరమ్మ ఫిర్యాదు.

"అరగంటెక్కడే? ఇప్పుడేగా వచ్చాం!" అన్నాడు లిఫ్టబ్బాయి.

"పావుగంట స్టవ్ చుట్టూ తిరిగావు. పావుగంట ఫ్రిజ్ తలుపు తీసి నిలబడ్డావు. పావూ పావూ కలిపితే అరగంటే."

లెక్క కరెక్టే.

జరిగిందేమిటంటే, ఈ పిల్లల అమ్మానాన్నా పొద్దున్నే పక్క ఊరికి పనిమీద వెళ్లారు. తిరిగొస్తుంటే వర్షం పట్టుకుంది. నడిరోడ్డు మీద కారు మొరాయించింది. కారు బయట నిలబడి ఆయన తన స్నేహితుడికి ఫోన్ చేశాడు, "ఒరేయ్, పిల్లల్ని స్కూలునుంచి, చిట్టిదాన్ని బేబీ కేర్‌నుంచి తెచ్చి ఏదైనా పెట్టరా" అని. కారు లోపల కూర్చుని ఆవిడ తన కళ్లద్దాల షాపులో పనిచేసే ఈ అమ్మాయికి ఫోన్ చేసింది, "ఇంట్లో సరుకులు కూడా లేవే, కాస్త ఏదైనా పట్టుకెళ్లవే" అని. ఒకరు చేసిన ఫోన్ సంగతి ఇంకొకరికి తెలీదు. కారుని సర్వీసింగుకి ఇవ్వకపోవడం ఎవరి తప్పన్న విషయం మీద అప్పటికే ఇద్దరికీ మాటల్లేవు.

ఆ స్నేహితుడే లిఫ్టబ్బాయి, లిఫ్టులు బాగుచేస్తాడు. పిల్లల నాన్నని అన్నయ్యా అంటాడు, అమ్మని వదినా అంటాడు, అందుకని పిల్లలకి బాబాయి. ఈ అమ్మాయి పిల్లల అమ్మని అక్కా అంటుంది, అందుకని పిల్లలకి పిన్ని. ఇద్దరూ ఒకేసారి ఈ ఇంట్లో ఉండటం ఇదే మొదటిసారి. రాబోయే గొడవంతా ఈ రెండు పిలుపుల్లోనే ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. లిఫ్టబ్బాయి ముక్కు మీద నల్ల ఫ్రేము కళ్లద్దాలున్నాయి. నిజానికి అతనివి గద్ద కళ్లు. లిఫ్టు గోతిలో పడ్డ స్క్రూని పై అంతస్తునుంచే చూసి చూపించగలడు. కానీ ఆమధ్య ఒకరోజు వదినకి తాళాలు ఇవ్వడానికని కళ్లద్దాల షాపుకి వెళ్లాడు. కళ్లు పరీక్షించే గదిలోంచి ఈ అమ్మాయి తల బయటపెట్టి "నెక్స్ట్ ఎవరండీ?" అంది. "నేనే" అని లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలీదు.

లోపల అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టి చదవమంది. 'మ'ని 'వ' అన్నాడు. 'ప'ని 'ష' అన్నాడు. తప్పు చదివితే మళ్లీ చదవమంటుంది, మళ్లీ చదవమంటే ఇంకాసేపు కూర్చోవచ్చు, అదీ ప్లాను. ఆ తర్వాత అనుమానంగా ఉందంటూ ఇంకో రెండుసార్లు వెళ్లాడు. చివరికి అద్దాలొచ్చాయి. పెట్టుకుని చుట్టూ చూసి, "అబ్బ! ప్రపంచం ఇంత స్పష్టంగా ఉంటుందని తెలీదండీ!" అన్నాడు. ఆ అమ్మాయి గంభీరంగా తలూపి, స్టోర్ రూములో ఏదో పనుందని వెళ్లిపోయింది.

అప్పట్నుంచి అద్దాలకి స్క్రూ వదులైందని ఒకసారి, ముక్కు దగ్గర గుచ్చుకుంటోందని ఒకసారి వెళ్తూనే ఉన్నాడు. చెప్పాల్సిన మాట మాత్రం గొంతుదాకా వచ్చి మధ్యలో ఆగిపోతోంది. లిఫ్టయితే ఎలా కదపాలో తెలుసు. మాటని ఎలా కదపాలో ఎవరూ నేర్పలేదు.

మొన్న వదిన బాంబు పేల్చింది. "ఆదివారం మా షాపు అమ్మాయిని చూసుకోడానికి ఒక పళ్ల డాక్టరు వస్తున్నాడయ్యా. ఆమె కళ్లు, ఆయన పళ్లు. ఎంత బాగా కుదిరిందో!"

ప్రాస కుదిరితే పెళ్లి కుదిరిపోవాలా? లిఫ్టబ్బాయికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇవాళ శుక్రవారం. మధ్యలో ఉన్నది ఒక్క శనివారం. ఇప్పుడు చెప్పకపోతే ఇంక పళ్లు కొరుక్కోవడమే మిగులుతుంది.

"మీకు వంట వచ్చా?" అని అడిగింది ఆ అమ్మాయి, తడిసిన జుట్టు ముడివేసుకుంటూ.

"రాదనను."

"వచ్చనండి అయితే."

"అదీ అనను."

నవ్వు రాబోతే పెదవి కొరుక్కుని సంచి బల్లమీద బోర్లించింది. రెండు పాస్తా ప్యాకెట్లు, నాలుగు టమాటాలు, వెల్లుల్లి, వెన్న, చీజు ముక్క. అంతే. చిట్టిది ఏడుపు ఆపి చీజు వంక చూసింది.

"పెద్ద గిన్నెలో నీళ్లు పెట్టండి. నీళ్లు మరిగాకే పాస్తా వెయ్యాలి. లాయరమ్మా, నువ్వు చీజు తురుము. ఎందుకుగాడూ, నువ్వు వెల్లుల్లి వొలువు."

"నీళ్లలో ఉప్పెందుకు పిన్నీ?"

"పాస్తాకి రుచి పట్టాలిగా నాన్నా."

"పాస్తాకి నోరు లేదుగా. రుచెందుకు?"

"నీకుందిగా నోరు, పెద్దది. అందుకు!"

కిటికీ బయట వర్షం ధారగా కురుస్తోంది. లోపల స్టవ్ పక్కన ఇద్దరూ. వంటగది ఇరుకు. ఆమె ఉప్పు డబ్బా అందుకోవాలంటే అతను పక్కకి జరగాలి. అతను పక్కకి జరిగితే ఆమెకి టమాటాలు కోసుకునే చోటు పోతుంది. రెండుసార్లు మోచేతులు తగిలాయి. రెండుసార్లూ "సారీ" అన్నాడు. మూడోసారి తగలలేదు, అందుకూ లోపల సారీగానే ఉంది.

చెప్పెయ్యాలి. నీళ్లు మరిగేలోపు చెప్పెయ్యాలి.

"అదీ... ఏంటంటేనండీ..."

"మూత తీసి పక్కన పెట్టండి, నీళ్లు మరిగాయి."

మూత తీశాడు. ఆవిరి భగ్గున లేచి అద్దాల నిండా కమ్మేసింది. పక్కన పెట్టబోయాడు. పక్కనేముందో కనపడితేగా! మూత నేలమీద పడి, గుండ్రంగా తిరిగి తిరిగి, ఇల్లంతా మోగించి ఆగింది.

"పక్కన పెట్టమన్నాను, కింద కాదు!"

"పక్కనంటే ఎటుపక్కో చెప్పాలి కదండీ!"

"అంతంత అద్దాలున్నాయిగా, కనపడట్లేదా?"

"అద్దాలుండబట్టే కనపడట్లేదు!" అనేసి నాలిక్కరుచుకున్నాడు. "అంటే, ఆవిరికండీ."

ఆమె పాస్తా నీళ్లలో పోసి గరిటె తీసుకునేలోపు వీధి తలుపు దబదబా మోగింది. కింద వాటాలో ఉండే మామ్మగారు.

"మా సీలింగు ఊడి నెత్తినపడిందనుకున్నానర్రా! ఏమిటా చప్పుడు?"

"బాబాయి మూత పడేశాడు, పిన్ని తిట్టింది," అన్నాడు ఎందుకుగాడు.

మామ్మగారు నేరుగా వంటగది గుమ్మందాకా వచ్చి ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. ముఖం మెత్తబడింది. "కాపురమన్నాక మాటా మాటా వస్తుందమ్మా. పిల్లల ముందు మాత్రం వద్దు. పెళ్లయి ఎన్నేళ్లయిందర్రా?"

లిఫ్టబ్బాయికి కాళ్లు నేలమీద ఆనలేదు. ఆ అమ్మాయి మాత్రం ఎర్రబడిపోయింది.

"అయ్యో మామ్మగారూ, మాకు పెళ్లి కాలేదండీ!"

"పెళ్లి కాకపోవడమేమిటే! ఆయన బాబాయి, నువ్వు పిన్ని. బాబాయి పెళ్లాం పిన్ని కాక ఇంకెవరవుతుంది?"

"అది కాదండీ, ఈయన వేరు, నేను వేరు..."

"వేరు కాపురం పెట్టారా? అయ్యయ్యో!"

ఇంక లాభం లేదనుకుంది ఆ అమ్మాయి. పిల్లల వైపు తిరిగి గబగబా చెప్పేసింది. "చూడండి. ఇప్పట్నుంచి ఈయన్ని బాబాయి అనకండి. మామయ్య అనండి. సరేనా?"

లాయరమ్మ చీజు తురమడం ఆపింది. వేళ్లమీద ఏదో లెక్కేసుకుంది. "పిన్నంటే అమ్మకి చెల్లెలు. మామయ్యంటే అమ్మకి తమ్ముడు. అంటే మీరిద్దరూ అన్నాచెల్లెళ్లా?"

సరిగ్గా అప్పుడే గిన్నెలో నురగ పొంగి స్టవ్ మీదికి కారింది. "ఆఁ, అవునవును, అలాగే అనుకో!" అంటూ ఆ అమ్మాయి గిన్నె దగ్గరికి పరిగెత్తింది.

"ఓహో, అన్నాచెల్లెళ్లా! ముందే చెప్పొచ్చుగా. నేను గుమ్మంలోంచే అనుకున్నాను, ముక్కులు ఒకేలా ఉన్నాయని," అంది మామ్మగారు. "వాసన బాగుందే. నాకో గిన్నెడు పంపించండి." చక్కా మెట్లు దిగి వెళ్లిపోయింది.

లిఫ్టబ్బాయి ముక్కు తడుముకున్నాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. పళ్ల డాక్టరైతే నయం, ఆదివారందాకా టైముంది. ఇక్కడ శుక్రవారం సాయంత్రమే, స్టవ్ పక్కనే, అన్నయ్యని చేసి కూర్చోబెట్టింది. మనసులో మాట చెప్పకముందే ఇంత మర్యాదగా ఎవరైనా కాదంటారా?

"మామయ్యా, ముఖమెందుకు అలా పెట్టావు?" అన్నాడు ఎందుకుగాడు.

"ఏం లేదురా. ఉల్లిపాయ."

"ఉల్లిపాయ కొయ్యలేదుగా. ఎందుకు?"

ఆ అమ్మాయి ఇవేమీ గమనించినట్టు లేదు. బాణలిలో వెన్న కరిగించి వెల్లుల్లి వేసింది. వంటగదంతా ఘుమఘుమలాడింది. ముందుగదిలో లాయరమ్మ పళ్లాలు సర్దుతోంది, చిట్టిది స్పూనుతో వాయిస్తోంది.

"ఎంతసేపు ఉడకాలో ప్యాకెట్టు మీద ఉంటుంది. చూడండి కాస్త," అంది వెనక్కి తిరక్కుండానే.

అద్దాలు మసకబారే ఉన్నాయి. విసుగ్గా తీసి బల్లమీద పెట్టాడు. గది అవతలి గట్టు మీదున్న ప్యాకెట్టు వంక అక్కడినుంచే చూసి, ఏడుపుగొంతుతో చదివాడు. "ఎనిమిది నిమిషాలు. మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి. తెరిచిన తర్వాత తేమ తగలని చోట భద్రపరచవలెను. బొమ్మ అలంకరణ కోసం మాత్రమే."

బాణలిలో గరిటె ఆగింది. ఆ అమ్మాయి మెల్లగా వెనక్కి తిరిగింది. బల్లమీది అద్దాల్ని చూసింది. అవతల ఉన్న ప్యాకెట్టుని చూసింది. అతన్ని చూసింది.

"చీమతలకాయలంత ఉన్నాయి ఆ అక్షరాలు," అంది.

లిఫ్టబ్బాయి గబుక్కున అద్దాల కోసం తడుముకున్నాడు. "అంటే, ఊరికే అంచనాగా..."

"బొమ్మ అలంకరణ కోసమని కూడా అంచనానేనా?"

ఇంక దాచి లాభమేముంది? అన్నయ్యయిపోయాక అబద్ధాలెందుకు? "నా కళ్లకి ఏ రోగమూ లేదండీ. మీ గదిలో ఇంకాసేపు కూర్చోవచ్చని తప్పులు చదివాను. తిట్టండి."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మొదటిరోజే తెలుసు. పైనున్న పెద్దక్షరాలన్నీ తప్పు చదివారు. అన్నిటికంటే కింది వరస గడగడా చదివేశారు. కళ్లు బాగాలేనివాళ్లు అలా చదవరండీ. మీకు అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదు."

"మరి ఈ అద్దాలు?"

"వట్టి గాజు. కిటికీకి బిగించుకునేదీ అదీ ఒకటే."

"స్పష్టంగా కనపడుతోందన్నానే ఆ రోజు!"

"నవ్వాపుకోలేకేగా స్టోర్ రూములోకి పరిగెత్తాను."

లిఫ్టబ్బాయికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే, ఆ సిగ్గులోంచే, ఒక చిన్న అనుమానం తల ఎత్తింది. "తెలిసీ ఎందుకిచ్చారు మరి?"

ఆమె స్టవ్ వైపు తిరిగి టమాటాలు బాణలిలో వేసింది. అవి చుర్రుమన్నాయి. ఆ చప్పుడులో కలిసిపోతుందనుకుందేమో, తలెత్తకుండా చెప్పింది. "కళ్లకేం లేదని చెబితే వెళ్లిపోతారు. అద్దాలిస్తే స్క్రూ వదులైందనో, ఇంకోటనో మళ్లీ వస్తారని. వచ్చారుగా!"

ఎంత చుర్రుమన్నా గద్ద కళ్లవాడికి చెవులు కూడా బాగానే పనిచేశాయి.

"మరి నన్ను మామయ్య అనమన్నారే!"

"మామ్మగారి నోరు మూయించాలని అన్నాను. అప్పటికి అదే తోచింది."

"తోస్తే తోచింది, వరస చూసుకోవద్దా? మామయ్యనైతే నీకు అన్నయ్యనవుతాను! ఛస్తే ఒప్పుకోను!" అని గట్టిగానే అరిచేశాడు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయిన సంగతి ఇద్దరూ ఒకేసారి గమనించారు. ముందుగదిలో స్పూను వాయింపు ఆగింది.

అతను గొంతు తగ్గించాడు. ఇన్నాళ్లూ మధ్యలో ఆగిన మాట మెల్లగా కదిలింది. "నువ్వు పిన్నివయితేనే నేను బాబాయిని. వేరే ఎవరో పిన్నయ్యేట్టయితే నాకీ బాబాయి ఉద్యోగమే అక్కర్లేదు. నువ్వంటే నాకు ఇష్టం. కళ్లు బాగుండే చెబుతున్నాను."

ఆమె గరిటె బల్లమీద పెట్టింది.

"ఆదివారం ఒకాయన వస్తున్నాడు," అంది. "ఏం చెప్పమంటావు?"

"మీ ఇంటి లిఫ్టు చెడిపోయిందని చెప్పు."

"మా ఇంటికి లిఫ్టే లేదు."

"మెట్లు కూడా చెడిపోయాయని చెప్పు."

ఈసారి పెదవి కొరుక్కోలేదు, ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వు చూడటానికి ఏ అద్దాలూ అక్కర్లేదు.

"పిన్నీ! వాదన తర్వాత. టమాటా మాడుతోంది. ఇక్కడ ఆకలితో చచ్చిపోతున్నాం," అని లాయరమ్మ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

ఇద్దరూ ఉలిక్కిపడి పనిలో పడ్డారు. అతను పాస్తా వార్చాడు.

"ఒక గ్లాసుడు నీళ్లు ఉంచమంటే ఉంచావా, మొత్తం పారబోశావా?"

"ఉంచాను. ఆ మాత్రం వింటాను."

ఆ నీళ్లు కాసిని బాణలిలో పోసి, పాస్తా వేసి, చీజు చల్లి కలిపింది. ఎర్రగా, జిగురుగా, పొగలు కక్కుతూ వచ్చింది పళ్లాల్లోకి. పిల్లలు ఆవురావురుమంటూ తిన్నారు. చిట్టిది రెండు చేతులతో తింది, ముక్కుతో కూడా తింది. ఎందుకుగాడు ఒక్క 'ఎందుకు' కూడా అనలేదు. లాయరమ్మ మామ్మగారికి ఒక గిన్నెడు ఇచ్చొచ్చి, రెండోసారి వడ్డించుకుని అప్పుడు కేసు తిరగదోడింది.

"ఇంతకీ ఫైనల్‌గా చెప్పండి. మామయ్యా, బాబాయా?"

ఆ అమ్మాయి గరిటె అందుకుంది.

"మీ బాబాయి పళ్లెం ఇటివ్వు," అంది. "పాపం, ఏమీ తినలేదు."

పిల్లల అమ్మానాన్నా వచ్చేసరికి వాన తగ్గింది. ఇద్దరూ నిలువునా తడిసి ఉన్నారు. ఇద్దరికీ ఇంకా మాటల్లేవు. లాయరమ్మ గుమ్మంలోనే రిపోర్టు ఇచ్చేసింది. "అమ్మా, బాబాయి మధ్యలో మామయ్యయి, మళ్లీ బాబాయయ్యాడు. పిన్నే చేసింది."

వదిన తుండుతో తల తుడుచుకుంటూ ఆగిపోయింది. ఈ అమ్మాయిని చూసింది. చిట్టిది ఆ కళ్లద్దాలు తగిలించుకుని తిరుగుతోంది. వాటి యజమాని గోడ వంక చూస్తూ నిలబడ్డాడు, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఆదివారం ఆయన్ని రావద్దని చెప్పవూ?" అంది ఆ అమ్మాయి చిన్నగా.

"అదేమిటే! కళ్లూ పళ్లూ ఎంత బాగా కుదిరాయనుకున్నాను!"

"కళ్లూ కళ్లూ కలిశాక మధ్యలో పళ్లెందుకే?" అన్నాడు అన్నయ్య.

వదిన ఆయన వంక కోపంగా చూడబోయి నవ్వేసింది. "కారు సంగతి ఇంకా మర్చిపోలేదు," అంటూనే లిఫ్టబ్బాయి నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. "వెధవా, మూడుసార్లు కళ్లు చూపించుకున్నప్పుడే నాకు తట్టాల్సింది. దాన్ని ఏడిపించావంటే ఊరుకోను."

అంతలో మామ్మగారు కడిగిన గిన్నె పట్టుకుని వచ్చింది. "అన్నాచెల్లెళ్లిద్దరూ బ్రహ్మాండంగా చేశారర్రా!"

లిఫ్టబ్బాయి నోరు తెరిచాడు గానీ ఆ అమ్మాయే ముందు మాట్లాడింది.

"మేం అన్నాచెల్లెళ్లం కాదండీ మామ్మగారూ."

"మరి మొగుడూ పెళ్లాలా? ఇందాక పెళ్లి కాలేదన్నావుగా!"

ఆ అమ్మాయి తలొంచుకుంది. గిన్నె అందుకుంటూ, నవ్వుని ఆ గిన్నెలోనే దాచుకుంటూ అంది.

"ఇంకా కాలేదండీ."

ఇందాకా అదే మాట అంది. ఇప్పుడు ముందు 'ఇంకా' చేరింది. ఆ చిన్నమాటతో లిఫ్టబ్బాయికి ఇల్లంతా వెలుగొచ్చినట్టయింది. అన్నయ్య అతని భుజం చరిచాడు.

"అదీ సంగతి! నేను ముందే అన్నాను, ముక్కులు కలవలేదని," అంది మామ్మగారు.

ఎందుకుగాడు పాస్తా మూతి తుడుచుకుని అందరి ముఖాలూ చూశాడు. ఇంతసేపూ దాచుకున్న ప్రశ్న అప్పుడు బయటికి తీశాడు.

"ఇంకా ఎందుకు కాలేదు?"